యుద్ధానికి ఏ నేల మంచిది?

"డీ అండ్ డీ మొదలెడదామనుకుంటున్నాం అన్నా, మ్యాట్ ఎక్కడ దొరుకుతుంది?"

ఈ రెండు మూడేళ్ళలో ఈ ప్రశ్న నన్ను చాలామందే అడిగారు. అడిగినవాళ్ళంతా మన బాపతే, కోడు రాసుకుని బతికేవాళ్ళు. విజయవాడలో ఇంటి నుంచి పనిచేస్తున్నవాళ్ళు కొందరు, శుక్రవారం రాత్రి హైదరాబాదులో బస్సెక్కి శనివారం పొద్దున్నే ఊళ్ళో దిగేవాళ్ళు కొందరు. కథ ఎలా మొదలెట్టాలని గానీ, మొహమాటస్తుడి చేత నోరెలా విప్పించాలని గానీ ఒక్కరూ అడగలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న, మ్యాట్ ఎక్కడ? మనవాళ్ళంతే. క్రికెట్ నేర్చుకోకముందే ప్యాడ్లు కొంటాం, పరుగు మొదలెట్టకముందే బూట్లు కొంటాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తీరిగ్గా తర్వాత వాదించుకుందాం. ముప్ఫై సెకన్లలో గీసి, పది సెకన్లలో చెరిపేయగలిగే నేల ఏదైనా మంచిదే. చెరపడానికి వీల్లేనిది ఎంత అందంగా ఉన్నా ఆటకి చెరుపే.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు

గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట అచ్చేశారు. ఒకరు కథ నడుపుతారు, ఆయన్ని గేమ్ మాస్టర్ అనుకుందాం. మిగతావాళ్ళు ఒక్కో పాత్ర పట్టుకుంటారు. "నువ్వు గుహ ముందు నిలబడ్డావు, లోపల్నుంచి పొగ వస్తోంది, ఏం చేస్తావు?" అని ఆయన అడుగుతాడు, మీరు చెబుతారు, పాచికలు ఫలితం తేలుస్తాయి. మాటల్లో చాలా దూరం పోవచ్చు. పోట్లాట వచ్చినప్పుడే ఇబ్బంది. ఎవడు ఎక్కడున్నాడు, ఎవడి బాణం ఎంత దూరం పోతుంది, తలుపుకి అడ్డంగా ఎవరున్నారు అనేది ఐదుగురి బుర్రల్లో ఐదు రకాలుగా ఉంటుంది. అందుకని గళ్ళు గీసిన నేల ఒకటి పరిచి, దాని మీద పావులు పెట్టి ఆడతారు. లెక్క ఏమిటంటే అంగుళం గడి ఐదు అడుగులతో సమానం. అంటే 1:60 స్కేలు.

ఈ స్కేలు ఎంత పిసినారిదో ఒక లెక్క చూడండి. మన ప్రకాశం బ్యారేజి పొడవు 1223.5 మీటర్లు, అంటే 4014 అడుగులు. ఐదుతో భాగిస్తే 803 గళ్ళు, 803 అంగుళాలు. దాదాపు 67 అడుగుల మ్యాప్ కావాలి! మీ హాలు కాదు, మీ అపార్టుమెంటు కారిడార్ కూడా చాలదు. కాబట్టి బ్యారేజి మీద పోట్లాట పెట్టాలనుకుంటే మొత్తం బ్యారేజి గీయరు, రెండు మూడు గేట్ల మేర గీస్తారు. మ్యాప్ అంటే ఊరంతా చూపించేది కాదు, ఈ పది నిమిషాలకి కావలసినంత చూపించేది. ఇది మనసులో పెట్టుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది.

రాజుగారి బల్ల, సైన్యం కాగితం

ఖరీదైన నేలకీ ఆట బతకడానికీ సంబంధం లేదనడానికి చరిత్రలో మంచి సాక్ష్యం ఉంది. జర్మన్లకి క్రీగ్‌స్పీల్ అని ఒక యుద్ధపు ఆట ఉండేది. రైస్విట్జ్ అనే ఆయన 1812లో ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విలియంకి ఒక బల్ల చేయించి ఇచ్చాడు. కొండలూ నదులూ రోడ్లూ అన్నీ ముక్కలు ముక్కలుగా ఉంటాయి, కావలసినట్టు పేర్చుకోవచ్చు. రాజుగారి కుటుంబం ముచ్చటపడి ఆడుకుంది, అంతే. అంతఃపురం దాటి బయటకి రాలేదు. అంత బల్ల ఎవడు చేయించుకుంటాడు చెప్పండి?

ఆయన కొడుకు 1824లో అదే ఆటని 1:8000 స్కేలు సైనిక పటాల మీద ఆడేలా మార్చాడు. కాగితం మీద ఆట. అది ప్రష్యా సైన్యంలోకి వెళ్ళింది, అక్కణ్ణుంచి మిగతా దేశాలకీ పాకింది. మన డీ అండ్ డీకి ముత్తాత అదే.

1974 నాటి మొదటి డీ అండ్ డీ అట్ట మీద కూడా కాగితం, పెన్సిలు, చిన్న బొమ్మలతో ఆడుకోవచ్చు అనే ఉంటుంది. అడవుల్లో తిరిగే కథలకి వేరే కంపెనీవాళ్ళ ఔట్‌డోర్ సర్వైవల్ అనే ఆట బోర్డు వాడుకోమని ఆ పుస్తకాల్లోనే సలహా ఇచ్చారు. అంటే ఆట కనిపెట్టినవాళ్ళే అరువు నేల మీద ఆడారన్నమాట. గళ్ళు లేకపోతే కుదరదనే పద్ధతి 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌తో బలపడి, 2008లో నాలుగో ఎడిషన్‌తో పరాకాష్ఠకి చేరింది. 2014లో ఐదో ఎడిషన్ వచ్చేసరికి గళ్ళు మళ్ళీ "కావాలంటే వాడుకోండి" స్థాయికి దిగాయి.

మన దగ్గర నేలకి కరువా?

నాకు నవ్వొచ్చేది ఇక్కడే. నేలని బోర్డు చేసుకోవడంలో మనల్ని మించినవాళ్ళు లేరు. గుళ్ళ మండపాల్లో రాతి మీద చెక్కిన పులి-మేక గీతలు చూసే ఉంటారు. అష్టాచమ్మా బోర్డు ఎవరైనా కొన్నారా? సుద్దముక్కో బొగ్గో తీసుకుని అరుగు మీద 25 గళ్ళు గీసి, ఇంటూ మార్కులు పెట్టి, గవ్వలో చింతపిక్కలో పడేసి ఆడేవాళ్ళం. పచ్చీసుకైతే గుడ్డ బోర్డు, చుట్ట చుట్టి చంకలో పెట్టుకుపోయేవాళ్ళు. వామనగుంటలకి చెక్క లేకపోతే మట్టిలో గుంటలు తవ్వడమే.

ఇంత వారసత్వం ఉన్న మనం వినైల్ మ్యాట్ అమెరికా నుంచి ఎవరు తెస్తారా అని చూస్తున్నాం. షిప్పింగు, కస్టమ్సు కలిపితే మ్యాట్ కన్నా దాని ప్రయాణ ఖర్చే ఎక్కువ. వచ్చేదాకా ఆట వాయిదా. ఈలోపు జట్టులో ఒకడికి బెంగుళూరు బదిలీ, ఇంకొకడికి పెళ్ళి. ఆట హరీ!

సరే, ఒక్కో నేలా చూద్దాం.

1. ఫ్లెక్స్ ప్రింటు

మన ఊళ్ళో అందరికీ ముందు తట్టేది ఇదే. గవర్నర్‌పేటలో ఫైల్ ఇస్తే సాయంత్రానికి చుట్ట చేతికొస్తుంది, చదరపు అడుగుల లెక్కన బిల్లు. బొమ్మ అద్భుతంగా ఉంటుంది, తడిసినా పోదు. దోషాలు మూడు. ఒకటి, చుట్ట విప్పితే అంచులు లేస్తాయి, పావులు జారతాయి. తిరగేసి చుట్టి ఒక రాత్రి ఉంచితే కొంత నయం. రెండు, దాని మీద మామూలు వైట్‌బోర్డు మార్కరుతో రాస్తే సిరా లోపలికి పీల్చుకుని మరక మిగిలిపోతుంది. తడిగుడ్డకి పోయే ఓహెచ్‌పీ మార్కర్లే వాడాలి, అవి కూడా ఆట అవగానే తుడవాలి. మూడు, ఇదే అసలుది, అచ్చయిన మ్యాప్ ఒక్క పోట్లాటకే పనికొస్తుంది. తర్వాత అటక మీదకి. 2022లో అప్పటి ప్రభుత్వం ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించినప్పుడు మనమంతా నాయకుల కటౌట్లని తిట్టుకున్నాం. మన అటక మీద గుహల ఫ్లెక్సీలు ఆరు పేర్చుకుంటే అది మాత్రం సంస్కృతా?

ఫ్లెక్సే కావాలంటే బొమ్మ లేకుండా ఉత్త గళ్ళు కొట్టించండి. లేత బూడిదరంగు గళ్ళు, మూడడుగులు బై రెండడుగులు చాలు. అది ఏళ్ళ తరబడి ఉంటుంది.

2. గాజు పలక, కింద గళ్ళ కాగితం

డైనింగ్ టేబుల్ మీద అద్దం ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. డ్రాయింగ్ షీటు మీద అంగుళం గళ్ళు గీసి అద్దం కిందకి తోసేయండి. పైన వైట్‌బోర్డు మార్కరుతో గీయండి, గుడ్డతో తుడవండి. గాజు సిరా పీల్చదు, మరకల గొడవే లేదు. అక్రిలిక్ షీటైనా పర్లేదు గానీ నాలుగు నెలలకి గీతలు పడుతుంది. గాజుకి ఉన్న ఒకే లోపం, లోహపు పాచికలు విసిరితే ఇంట్లోవాళ్ళు ఊరుకోరు. ఒక పళ్ళెంలో గుడ్డ వేసి అందులో విసరండి.

3. క్యారమ్స్ బోర్డు

ఆడే స్థలం అటూ ఇటూ 29 అంగుళాలు. అంటే 29 గళ్ళు బై 29 గళ్ళు, 145 అడుగుల చతురస్రం. చుట్టూ చెక్క అంచు ఉంటుంది కాబట్టి పాచిక మంచం కిందకి పోదు. కాకపోతే బోర్డు మీద గీస్తే మీ నాన్నగారు ఇంట్లోకి రానివ్వరు. పైన కొలతకి కోయించిన అక్రిలిక్ షీటు పరిస్తే రెండు ఆటలూ బతుకుతాయి.

4. పెడన గుడ్డ

కలంకారీ గుడ్డ పరిచి ఆడితే ఎలా ఉంటుందని ఒకరు అడిగారు. మహా అందంగా ఉంటుంది. టేకు అచ్చులతో, చేత్తో, ఒక్కో రంగుకీ ఒక్కో అచ్చు వేసుకుంటూ చేసిన పని. దాని మీద ఎవడికైనా మార్కర్ పెట్టబుద్ధవుతుందా? పెట్టినవాడిని క్షమించబుద్ధవుతుందా? గాజు కింద అడవిగానో సముద్రంగానో పరవండి, బ్రహ్మాండంగా ఉంటుంది. యుద్ధభూమిగా వద్దు. పాడవుతుందేమో అని భయపడే నేల మీద ఎవడూ ధైర్యంగా యుద్ధం చెయ్యడు.

5. పడుకోబెట్టిన టీవీ

ఇంజినీర్లకి ఇది మహా ముద్దు. లెక్క నేనే చెప్తాను. 32 అంగుళాల టీవీ తెర 27.9 బై 15.7 అంగుళాలు, అంటే 27 బై 15 గళ్ళు. 43 అంగుళాలదైతే 37 బై 21. 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద అంగుళానికి సుమారు 69 పిక్సెళ్ళు, మ్యాప్ ఆ స్కేలుకి సరిచేసుకుంటే గళ్ళు పావులకి సరిపోతాయి. చీకటి గదులు ఒక్కోటీ తెరుచుకోవడం, దీపం వెలుగు పావుతో పాటు కదలడం, చూడ్డానికి భలేగా ఉంటుంది.

కానీ ఆట మొత్తం ఒక లాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి చేతిలోకి పోతుంది. ఐదుగురు తెర వంక చూస్తూ కూర్చుంటారు. వారం పొడుగునా చేసేది అదే కదండీ! స్టాండప్ కాల్‌లో ఒకడు స్క్రీన్ షేర్ చేస్తుంటే మిగతావాళ్ళం చూడ్డమే కదా మన ఉద్యోగం :)

6. పలకలు

ఇది నా ఓటు. మార్కాపురం పలకలు ఒకప్పుడు దేశమంతా వెళ్ళేవి. ఇప్పుడు బజార్లో రేకు, అట్ట పలకలే ఎక్కువ, అయినా వెతికితే రాతి పలకలు దొరుకుతాయి. నా దగ్గరున్న వాటి లోపలి కొలత 9 బై 6 అంగుళాలు. మేకుతో అంగుళం అంగుళానికి గీతలు గీశాను. అవి చెరగవు. బలపంతో గీసింది చెరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే కింద రీడ్ ఓన్లీ పొర, పైన రైటబుల్ పొర. ఒక్కో పలక 54 గళ్ళు, 45 బై 30 అడుగుల గది. ఆరు పలకలుంటే చిన్న కోట తయారు.

అసలు సుఖం ఏమిటంటే, పలకలు ఒక్కోటీ బల్ల మీదకి వస్తాయి. తలుపు తీస్తేనే రెండో పలక. ముందు గదిలో ఏముందో ఎవరికీ కనబడదు, దానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. అంతస్తులకీ ఇదే మందు. ఉండవల్లి గుహలు నాలుగంతస్తులు, కొండని తొలిచి కట్టినవి. అలాంటి చోట పోట్లాట పెడితే చదునైన మ్యాట్ మీద ఏ మెట్లు ఎక్కడికి పోతాయో చెప్పలేక గేమ్ మాస్టర్‌కి చెమటలు పడతాయి. నాలుగు పలకలు నాలుగంతస్తులనుకోండి, మెట్ల దగ్గర ఒకే గుర్తు పెట్టండి, అయిపోయింది.

గళ్ళా, చుక్కలా, గీతలా?

నేల ఏదైనా సరే, దాని మీద వేసే జాలీ ఆకారం గురించి కూడా ఆలోచించాలి. చదరపు గళ్ళలో ఒక చిక్కుంది. అడ్డంగా నిలువుగా పోతే ఒక గడి ఒక గడే. మూలకి పోతే అసలు దూరం 1.41 రెట్లు. దీన్ని ఒక ఎడిషన్‌లో మొదటి మూలకి ఐదడుగులు, రెండో మూలకి పది అని లెక్కపెట్టమన్నారు. ఇంకో ఎడిషన్‌లో పోన్లే అన్నీ ఒకటే అనుకోమన్నారు. దీంతో ఒక్కో జట్టులో ఒక్కో పైథాగరస్ తయారయ్యాడు.

ఆరు మూలల గళ్ళు వేస్తే ఈ గొడవ పోతుంది, ఎటు పోయినా ఒకటే దూరం. కానీ వాటిని చేత్తో గీయడం నరకం అంటారు. నిజంగానా? మీ అమ్మగారినో అత్తగారినో అడగండి. ధనుర్మాసంలో వాకిట్లో "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు" అని వేస్తారే, అదేమిటనుకున్నారు? మధ్య వరసలో 15, పైకీ కిందకీ ఒక్కోటి తగ్గుతూ 8 దాకా, ప్రతి చుక్కా పై వరసలోని రెండు చుక్కల సందులో. మొత్తం 169 చుక్కలు, ఆరు భుజాల ఆకారం, లోపలున్న ప్రతి చుక్కకీ ఆరుగురు పొరుగువాళ్ళు. అమెరికాలో యుద్ధపు ఆటల బోర్డుల మీదకి ఇలాంటి షడ్భుజాలు 1961 ప్రాంతంలో వచ్చాయి. మన వాకిళ్ళలో అవి ముగ్గుపిండితో రోజూ పడుతూనే ఉన్నాయి. గీతలు గీయనక్కర్లేదు, చుక్కలు చాలు, పావు చుక్క మీద నిలబడుతుంది. చుక్కకీ చుక్కకీ అంగుళం ఉంటే వరసకీ వరసకీ అంగుళం కన్నా కొంచెం తక్కువ, సుమారు 0.87 అంగుళం, పెట్టుకోండి. అప్పుడు ఆరువైపులా దూరం సమానం.

మూడో పద్ధతి పులి-మేక. అందులో గళ్ళు లేవు. 23 స్థానాలు, వాటిని కలిపే గీతలు. కంప్యూటర్ సైన్సు చదివినవాళ్ళకి వేరే చెప్పాలా, అది అచ్చంగా గ్రాఫు. నోడ్ మీద మేక, ఎడ్జ్ మీద నడక. దివిసీమలో కాలవ గట్ల మీద ఒకణ్ణి తరిమే సన్నివేశం అనుకోండి. అడుగులు ఎవడికి కావాలి? పులిగడ్డ వంతెన, లంక, రేవు, సంత, గుడి అని ఐదారు స్థానాలు, మధ్యలో గీతలు చాలు. ఫేట్ లాంటి కొత్త ఆటలు "జోన్లు" అని ఈ పద్ధతే వాడుతున్నాయి. మన మేకల కాపరులకి అది ఎప్పుడో తెలుసు.

ఫ్యాను సంగతి

అమెరికా వీడియోల్లో ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. మే నెలలో బెజవాడలో ఫ్యాను కట్టేసి ఆడమంటే ఎవడూ రాడు. ఫ్యాను తిరిగితే కాగితం మ్యాప్ లేస్తుంది, అట్ట పావులు పడిపోతాయి. వానాకాలంలో అదే కాగితం తేమకి మెత్తబడి అలలు తేలుతుంది. కాబట్టి ఇక్కడ నేల బరువుగా ఉండాలి: గాజు, పలక, చెక్క, లేదా అసలు నేలే. పావులకి అడుగున బరువు కావాలి. 2011 సిరీస్ రెండు రూపాయల బిళ్ళ వ్యాసం 25 మిల్లీమీటర్లు, దాదాపు సరిగ్గా అంగుళం. ఇంతకన్నా చవకైన బేసు లేదు. క్యారమ్స్ కాయిన్లు కూడా వాడొచ్చు గానీ అవి అంగుళం కన్నా పెద్దవి, పక్క గడిలోకి పొడుచుకొస్తాయి. పెద్ద రాక్షసికి కొండపల్లి ఏనుగుని దింపండి. తొమ్మిది గళ్ళు ఆక్రమించి కూర్చుంటుంది, పిల్లలు దాన్ని చంపడానికి ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ఇదంతా ఎందుకంటే

గీసి చెరిపే నేలే ఎందుకు కావాలని ఇంతగా పట్టుబడుతున్నానంటే, దానికి రెండు కారణాలు.

మొదటిది గేమ్ మాస్టర్ ఓపిక. మాకు తెలిసిన జట్టొకటి పటమటలో ఉండేది. నడిపేవాడు మహా ఓపికమంతుడు, ప్రతి శనివారానికీ కొత్త మ్యాప్, రంగులు, నీడలు, ప్రింటు. వారం పొడుగునా ఆఫీసు పని అయ్యాక రాత్రి ఒంటిగంట దాకా మ్యాపులు. నాలుగు వారాలు చూసినవాళ్ళంతా ఆహా ఓహో అన్నారు. ఐదో వారం రిలీజ్ ఉంది కుదర్లేదన్నాడు. ఆరో వారం కూడా. తర్వాత ఎవరూ అడగలేదు. అప్పుడప్పుడే ఆటలో పడ్డ నలుగురు మళ్ళీ శనివారాలు ఫోనుల్లోకి పోయారు. ఈ ఆటలో బోర్డు పోయినా ఫర్వాలేదు, పాచికలు పోయినా ఫర్వాలేదు, గేమ్ మాస్టర్ అలిసిపోతే ఆట చచ్చిపోతుంది. ప్రొడక్షన్‌లో అన్నీ ఒకే మనిషి మీద ఆధారపడితే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా?

రెండోది ఇంకా ముఖ్యం. అదే జట్టులో ఒక పూట నేను కూడా కూర్చున్నాను. కాలవ పక్కన పోట్లాట, అచ్చయిన మ్యాప్. కొత్తగా వచ్చిన కుర్రాడు, అప్పటిదాకా నోరు విప్పనివాడు, "నేను గట్టెక్కి అవతలకి దూకేస్తా" అన్నాడు. "మ్యాపులో గట్టు లేదురా" అన్నాడు నడిపేవాడు. కుర్రాడు "ఓహో" అని కత్తితో కొడతానన్నాడు. మిగతా సాయంత్రమంతా కత్తితోనే కొట్టాడు. గేమ్ మాస్టర్ చెడ్డవాడేం కాదు. అంత కష్టపడి చేసిన బొమ్మలో లేనిదాన్ని ఉందని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే.

మా ఇంట్లో పలకల మీద ఇలాంటి కాలవ కథే నడిచింది. మా బావమరిది కూతురు తొమ్మిదో తరగతి, పెద్దవాళ్ళ మధ్య బిడియపడుతూ కూర్చుంది. గోబ్లిన్లు కాలవ పక్క పొలంలో దాక్కున్నాయి. అందరం ఎలా పోవాలా అని కొట్టుకుంటుంటే ఆ పిల్ల మెల్లిగా, "మావయ్యా, కాలవకి తూము ఉంటుంది కదా?" అంది. ఎక్కడ అన్నాను. బలపం తీసుకుని తనే గీసింది. "ఇక్కడ. ఇది ఎత్తితే పొలంలోకి నీళ్ళొస్తాయి." ఎందుకుండదు? కృష్ణా డెల్టాలో తూము లేని కాలవ ఉంటుందా! తూము ఎత్తారు, పొలం మునిగింది, గోబ్లిన్లు బురదలో ఇరుక్కున్నాయి. ఆ రోజు నుంచి ఆ పిల్ల చేతిలో ఒక బలపం ఎప్పుడూ ఉంటుంది.

ఆ తూము ఏ పుస్తకంలోనూ లేదు, ఏ కంపెనీ అమ్మే మ్యాపులోనూ ఉండదు. అది ఆ పిల్ల వాళ్ళ ఊళ్ళో చూసింది. నేల మీద గీసే హక్కు అందరికీ ఉంటే ఆటలోకి మన ఊరు వస్తుంది, మన కాలవలొస్తాయి, కూర్చున్న మనిషి వస్తాడు. హక్కు లేకపోతే ఎవడో గీసిన గుహలో మనం కూలీలం.

ఎదురు వాదనలు

"అందమైన మ్యాప్ చూస్తే వచ్చే ఊపు వేరు కదా" అంటారు. ఒప్పుకుంటాను. ఏడాదికోసారి, కథ ముగింపు యుద్ధానికి చేయించుకోండి. పెళ్ళి భోజనం రోజూ తినం కదా.

"మా జట్టులో ఇద్దరు డల్లాస్‌లో, ఒకడు హైదరాబాదులో ఉన్నాం, పలక ఎలా చూపించమంటావు?" అంటారు. నిజమే, మీకు 2012 నుంచి ఉన్న రోల్20 లాంటివే దారి. అక్కడ కూడా నేను చెప్పేది ఒకటే: రెడీమేడ్ మ్యాప్ ఎక్కించకండి, ఖాళీ గళ్ళు పెట్టి గీసే పెన్ను అందరికీ ఇవ్వండి. అనుమతుల పేజీలో ఒక్క టిక్కు పని. నేను వద్దంటున్నది తెరని కాదు, ఒక్కడి చేతిలోనే ఉండే పెన్నుని.

"నాకు బొమ్మలు గీయడం రాదు" అనేవాళ్ళు అందరికన్నా ఎక్కువ. మంచిదే! మీ గీత వంకరగా ఉంటేనే పక్కవాడికి దిద్దే ధైర్యం వస్తుంది. చతురస్రం గీసి గది అనండి, సున్నా గీసి బావి అనండి, రెండు గీతలు గీసి కాలవ అనండి. చిన్నప్పుడు అరుగు మీద ఇంటూ మార్కు పెట్టి ఇది ఇల్లు అంటే అందరం నమ్మలేదూ?

కాబట్టి మ్యాట్ ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్ళకి నా జవాబు: మీ ఇంట్లోనే ఉంది. డైనింగ్ టేబుల్ అద్దమో, నాపరాళ్ళ గచ్చో, పిల్లల పలకో. ఒక సుద్దముక్క, ఒక తడిగుడ్డ, ఐదు రెండు రూపాయల బిళ్ళలు. వచ్చే శనివారానికి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. సుద్దముక్కలు మాత్రం మనిషికొకటి పెట్టండి.